ఏఐ ఉమ్మడి కుటుంబం

తెనాలి, బాపట్ల, రేపల్లె పట్టణాల్లోని బంధుమిత్రులందరికీ తెలియజేయడమేమనగా, బసవేశ్వరరావుగారూ ఆయన ఇద్దరు తమ్ముళ్ళూ మళ్ళీ కలిసిపోయారు. పెద్దాయన తెనాలిలోనూ, రెండో ఆయన పున్నారావు బాపట్లలోనూ, ఆఖరాయన కోటయ్య రేపల్లెలోనూ ఎవరిళ్ళలో వాళ్ళుంటూ, ఒకరి మొహం ఒకరు చూడకుండా, ఒకరి ఫోను ఒకరు ఎత్తకుండా కలిసిపోయారు. ఈ మహత్కార్యం సాధించినవాడు పెద్దాయన కొడుకు సుమంత్. సాక్ష్యం కావాలన్నవాళ్ళకి ఫొటోలున్నాయి.

సుమంత్‌కి తెనాలిలో ఫొటో స్టూడియో ఉంది. పెళ్ళి కుదిరిన జంటల్ని సూర్యలంక బీచికి తీసుకెళ్ళి, మోకాలి లోతు నీళ్ళలో నిలబెట్టి, ఒకరి కళ్ళల్లోకి ఒకరిని చూడమనడం అతని వృత్తి. ఇలా ఊళ్ళోవాళ్ళందరినీ ఒకింటివాళ్ళని చేసిన సుమంత్‌కి మాత్రం పెళ్ళి కాలేదు. వయసు ఇంట్లో ముప్పై రెండు, బయట ఇరవై తొమ్మిది. ఇందులో అతని తప్పేమీ లేదు. మన డెల్టాలో మినుముల తర్వాత అంత దండిగా పండుతున్న పంట పెళ్ళికాని మగపిల్లలే. మినుములకైతే గిట్టుబాటు ధర కావాలని అప్పుడప్పుడూ ధర్నా అన్నా చేస్తారు.

అలాంటి గడ్డు రోజుల్లో జ్ఞానానందం మాస్టారు ఒక సంబంధం తెచ్చారు. మాస్టారు రిటైరైన లెక్కల టీచరు. ఆదివారం పూట చర్చిలోనూ, మిగతా రోజుల్లో ఊరందరి పెళ్ళి మాటల్లోనూ ఉంటారు. కులమతాల పట్టింపు బొత్తిగా లేకుండా, ఎవరి కులంలో వాళ్ళకే సంబంధం కుదిర్చిపెట్టే విశాల హృదయం ఆయనది. పిల్ల పేరు స్నేహ, రేపల్లె. తండ్రి రంగనాయకులు ఆస్తి అడగలేదు, సంపాదన అడగలేదు. ఆయనకి ఒక్కటే పట్టుదల.

"అన్నదమ్ములు కలిసున్న ఇంటికే పిల్లనిస్తాడంట," అన్నారు మాస్టారు. "ముగ్గురన్నదమ్ములూ పెళ్ళాం పిల్లల్తో కలిసున్న ఫొటోలు పంపమన్నాడు. ఒక్కటి కాదండోయ్, నాలుగైదు. ఒక్కటైతే ఎవరి పెళ్ళిలోనో మొహమాటానికి నిలబడి తీయించుకున్నదై ఉండొచ్చంట."

పిల్ల ఫొటో కూడా ఇచ్చి వెళ్ళారు. స్నేహ అందులో నోరంతా తెరిచి నవ్వుతోంది. పక్కపన్ను ఒకటి మీదకెక్కి ఉంది. వృత్తిరీత్యా సుమంత్ ఎన్నో నవ్వుల్ని కంప్యూటర్లో సరిచేశాడు, పళ్ళు తెల్లబరిచాడు, చిగుళ్ళు దాచాడు. ఈ నవ్వు జోలికి మాత్రం వెళ్ళబుద్ధి కాలేదు. ఆ పూట అన్నంలో చారు అనుకుని మంచినీళ్ళు పోసుకుని తినేశాడు. వాళ్ళమ్మ ఆదిలక్ష్మమ్మ చూసి, "వీడికి ఈ పెళ్ళి కాకపోతే మనిషి మనకి దక్కడండీ," అని మొగుడి దగ్గర కంటతడి పెట్టుకుంది.

చిక్కల్లా ముగ్గురన్నదమ్ములూ కలిసున్న ఫొటో ఆ ఇంట్లో లేకపోవడమే. దానికో చరిత్ర ఉంది. బాపట్లలో పున్నారావు ఇల్లు కట్టుకుని గృహప్రవేశం పెట్టుకున్నప్పుడు వీధి మొదట్లో పెద్ద ఫ్లెక్సీ కట్టించాడు. డిజైను సుమంత్‌దే. అందులో ఎమ్మెల్యేగారి బావమరిది మొహం గుమ్మడికాయంత, బసవేశ్వరరావు మొహం కొబ్బరికాయంత, కోటయ్య మొహం నిమ్మకాయంత వచ్చాయి. "నేను నిమ్మకాయలా కనపడుతున్నానా మీకు?" అని కోటయ్య పాలు పొంగకముందే బస్సెక్కేశాడు. ఎమ్మెల్యేగారికే కాక ఆయన బావమరిదికి కూడా తను లోకువయ్యానని బసవేశ్వరరావు విస్తరి ముందు నుంచి లేచిపోయాడు. ఇంటి యజమాని పున్నారావు మొహం సరిగ్గా ఫ్లెక్సీ కట్టిన సరుగుడు గుంజ వెనక్కి వెళ్ళింది, నా ఇంటి ఫ్లెక్సీలో నా మొహమే లేకుండా చేశారని అతనూ అలిగాడు. అప్పట్నించీ ఎవరికి వారే యమునా తీరే. పొలం తగాదాకైతే కోర్టుంది. ఫ్లెక్సీ తగాదా తీర్చే కోర్టు ఈ దేశంలో ఇంకా పెట్టలేదు.

వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు పెద్దలు. పాపం వాళ్ళ కాలంలో వెయ్యీ నోటితోనే ఆడాల్సి వచ్చేది, గొంతు ఆర్చుకుపోయేది. ఇప్పుడు ఏఐ ఉంది. సుమంత్ స్టూడియో తలుపులు వేసుకుని, ఆంధ్రాలో ముగ్గురన్నదమ్ములు కుటుంబాలతో కలిసి నవ్వుతూ భోంచేస్తున్నట్టు బొమ్మ గీయమన్నాడు. అది తడుముకోకుండా గీసింది. కానీ ఒక బొమ్మలో ఉన్న మనుషులు రెండో బొమ్మలో లేరు. మొదటి దాంట్లో పున్నారావుకున్న మీసం రెండో దాంట్లో ఆదిలక్ష్మమ్మకి వచ్చింది. మూడో దాంట్లో బసవేశ్వరరావు తన కొడుక్కి కొడుకులా ఉన్నాడు. నలుగురు దాటాక ఏఐ కూడా ఉమ్మడి కుటుంబాన్ని భరించలేకపోయింది. తలలు మార్చేసింది, వేళ్ళు పెంచేసింది. కోటయ్య భుజం మీద ఆప్యాయంగా పడిన చెయ్యి ఎవరిదో ఎంత వెతికినా తేలలేదు. అన్ని బొమ్మల్లోనూ ఒకే మొహంతో వచ్చింది పింకీ ఒక్కతే. పింకీ వాళ్ళింట్లో కుక్క.

సుమంత్ పట్టు వదల్లేదు. చదివాడు, వీడియోలు చూశాడు, కిటుకు పట్టాడు. అందరినీ ఒకేసారి గీయమనకూడదు. ముందు ఒక్కొక్క మనిషినీ విడిగా, ఎదురుగా ఒకసారి, కుడివైపు ఒకసారి, ఎడమవైపు ఒకసారి గీయించి, ఇతనే పున్నారావు, ఎప్పుడు పిలిచినా ఈ మొహంతోనే రావాలి అని ఏఐకి ఒప్పజెప్పాలి. బట్టలు కూడా మార్చకూడదు. ఆ తర్వాత అందరినీ తెచ్చి పక్కపక్కన కూర్చోబెట్టాలి. పెద్దల మధ్య సయోధ్య కుదర్చడానికి ఇంత శాస్త్రీయమైన పద్ధతి ఇంకోటి లేదు. దీనికి కావలసిందల్లా ఒక్కొక్కరి అసలు ఫొటో.

బాపట్ల వెళ్ళాడు. పున్నారావు వరండాలో పేపరు చదువుతున్నాడు.

"బాబాయ్, నా పెళ్ళికొస్తావా?"

"రాను."

"పోనీ ఫొటోలోకొస్తావా?"

పున్నారావు పేపరు దించి ఆలోచించాడు. "ఫొటోలోకైతే ఏముందిరా, వస్తాను. మీ నాన్న పక్కన మాత్రం పెట్టకు. పెట్టినా నేను అటు తిరిగున్నట్టు పెట్టు. ఆ పొట్ట కూడా కాస్త చూసుకో."

లోపల్నించి పిన్ని కేకేసింది. "నాయనా సుమంతూ, మీ అమ్మ మెళ్ళో ఎన్ని పేటలేస్తావో నా మెళ్ళో ఒకటి ఎక్కువెయ్యి. చాలు, నాకింకేం వద్దు." పున్నారావు బీరువా వెతికి ఒక ఫొటో ఇచ్చాడు. అది అతని పెళ్ళినాటిది. అందులో నల్లటి ఉంగరాల జుట్టు నుదుటి మీద పడుతోంది. "ఇదే లేటెస్టు," అన్నాడు.

రేపల్లెలో కోటయ్య పెరట్లో స్టూలెక్కి, ప్రహరీ గోడ మీంచి వెనకింటాయన్ని తిడుతున్నాడు. తన ఇంటి డ్రైనేజీ నీళ్ళు అవతలి గుమ్మంలోకి పోతున్నాయన్న ఆరోపణని కోటయ్య ఖండిస్తున్నాడు. నీళ్ళు పల్లానికి పోక మిట్టకి పోతాయా అన్నది ఆయన వాదన. గోడవతల ఎవరున్నారో సుమంత్ తొంగి చూడలేదు. చూసుంటే వచ్చిన బస్సులోనే వెనక్కి వెళ్ళిపోయేవాడు.

"నా మొహం ఎంత సైజొస్తుంది?" అన్నాడు కోటయ్య, స్టూలు దిగకుండానే.

"అందరిదీ ఒకటే సైజు బాబాయ్. స్కేలు పెట్టి కొలిచి మరీ పెడతాను."

"అయితే వస్తా. ఫొటోలోకే." అని కాలేజీలో ఎన్‌సీసీ క్యాంపుకెళ్ళినప్పుడు తీయించుకున్న ఫొటో ఇచ్చాడు.

వారం తిరిగేసరికి కుటుంబం తయారైంది. బసవేశ్వరరావుకి తెల్ల చొక్కా, పున్నారావుకి ఆకుపచ్చ చొక్కా, కోటయ్యకి ఆవపిండి రంగు చొక్కా స్థిరపడ్డాయి. ముగ్గురూ ఒకే బంతిలో అరిటాకుల ముందు కూర్చుని ఒకరికొకరు గోంగూర వడ్డించుకుంటున్నారు. సూర్యలంకలో మొక్కజొన్న కంకులు తింటున్నారు. పెనుమూడి వంతెన మీంచి కృష్ణమ్మకి చేతులు జోడిస్తున్నారు. తోడికోడళ్ళు ఒకరి జడలో ఒకరు పూలు పెట్టుకుంటున్నారు. బసవేశ్వరరావు ఆ బొమ్మలన్నీ ఒక్కొక్కటే దగ్గరగా పెట్టుకుని చూశాడు. తర్వాత కళ్ళద్దాలు తుడుచుకుని, "కోటిగాడు ఎంత బాగున్నాడ్రా," అన్నాడు. అంతలోనే తేరుకుని, "నా చొక్కా ఇస్త్రీ లేదేంటి?" అని కసిరాడు.

రంగనాయకులు ఇంటిల్లిపాదినీ టీవీ ముందు కూర్చోబెట్టి ఆ ఫొటోలు వేసి చూపించాడు. "చూడండి, బీచికెళ్ళినా ఆ చొక్కాలే, గుడికెళ్ళినా ఆ చొక్కాలే. డాబూ దర్పం లేని మనుషులు. ఆ ఆఖరాయన్ని చూడండి, వయసే తెలీట్లేదు. మనసులో మలినం లేకపోతే అలాగే ఉంటారు. మన గోడవతలా ఉన్నాడొకడు, పొద్దున్నే వాడి మొహం చూస్తే టిఫిన్ కూడా సయించి చావదు." వెంటనే తమ వైపు ఫొటోలు కూడా పంపించాడు. వాటిలో స్నేహకి నలుగురు మేనమామలు, నలుగురూ దిట్టమైన మనుషులు, ఒక్కో ఫొటోలో మేనకోడలికి ఒక్కో నగ పెడుతున్నారు. ఆదిలక్ష్మమ్మ ఆ నగల్ని వేళ్ళతో పెద్దవి చేసుకుని మరీ చూసింది.

పెళ్ళిచూపులకి రేపల్లె వెళ్ళి ఇంటి ముందు కారు దిగగానే సుమంత్ మళ్ళీ కార్లోకే ఎక్కబోయాడు. పెరటి గోడ మీంచి ఆకాశవాణిలా కోటయ్య గొంతు వినపడుతోంది. రంగనాయకులు కాఫీలిచ్చి మర్యాదగా విచారించాడు. "వెనక వీధిలో మీ ఇంటిపేరు వాడే ఒకడున్నాడండీ, డ్రైనేజీ కోటయ్యంటారు. మీకేవన్నా అవుతాడా?"

బసవేశ్వరరావు కాఫీ ఒక గుక్క తాగాడు. "మా ఇంటిపేరువాళ్ళు కృష్ణకి ఈ పక్కంతా ఉన్నారండి. అందరూ మనవాళ్ళవుతారా ఏంటి? మా ఆఖరివాణ్ణి మేం చిన్నబ్బాయంటాం. వాడు గట్టిగా మాట్లాడ్డమే ఎరగడు." గోడవతల చిన్నబ్బాయి ఎవరి తాతనో తలుచుకుంటున్నాడు.

పిల్లాపిల్లాడూ మాట్లాడుకోవాలని ఇద్దర్నీ మేడ మీదకి పంపారు. స్నేహ పిట్టగోడకి ఆనుకుని, నవ్వు ఆపుకుంటూ అడిగింది. "మీ బాబాయిగారు ఎప్పుడూ ఆవపిండి రంగు చొక్కానే వేస్తారాండీ?"

"అవునండి. మొక్కుకున్నారు."

"మరి ఆకుపచ్చ చొక్కా బాబాయిగారు అన్ని ఫొటోల్లోనూ అటే చూస్తున్నారేంటి?"

"మెడ పట్టేసిందండి."

"అన్నిసార్లా?" అని స్నేహ నోరంతా తెరిచి నవ్వింది. అసలు నవ్వు ఫొటో కన్నా ఇంకా బాగుంది. ఈ పిల్లని చేసుకోకపోతే తన బతుకు వృథా అని సుమంత్ అక్కడికక్కడే తీర్మానించుకున్నాడు.

ముందుంది ముసళ్ళ పండగ. నిశ్చితార్థం రోజున ముగ్గురన్నదమ్ములూ ఒకే చాప మీద కూర్చుని తాంబూలాలు పుచ్చుకోవాలి, లేకపోతే పిల్లనిచ్చేది లేదని రంగనాయకులు కబురు పెట్టాడు. సుమంత్ మళ్ళీ బాపట్ల వెళ్ళాడు, రేపల్లె వెళ్ళాడు. ఈసారి అబద్ధమేమీ చెప్పలేదు. "బాబాయ్, నాకా పిల్లంటే ప్రాణం. ఆ ఒక్క గంట వచ్చి కూర్చో, చాలు," అని కాళ్ళు పట్టుకున్నాడు. బాబాయిల మనసు కరిగింది. పిల్ల తండ్రి గోడవతలాయనే అని విన్నా కోటయ్య ఈసారికి స్టూలెక్కలేదు. దానికి తోడు, ఆ ఫొటోలు వాట్సాప్‌లో తిరిగి తిరిగి ఇద్దరికీ పేరు కూడా వచ్చింది. పున్నారావు అప్పటికే ఆకుపచ్చ చొక్కా బొమ్మని డీపీ పెట్టుకున్నాడు, అందరూ హీరోలా ఉన్నావంటున్నారు. అంత పేరున్న మనుషులు సభకి వెళ్ళకపోతే బాగుండదని ఇద్దరూ ఒప్పుకున్నారు. మాటలు మాత్రం ఉండవన్నారు.

ఫంక్షన్ హాలుకి ముగ్గురూ మూడు వాహనాల్లో, మూడు గుమ్మాల్లోంచి వచ్చారు. చాప మీద మూరెడేసి దూరంలో కూర్చున్నారు. రంగనాయకులు గంధం గిన్నెతో వచ్చి బిగుసుకుపోయాడు. ఒకాయన బట్టతల, బాన పొట్ట. ఇంకొకాయన సాక్షాత్తూ డ్రైనేజీ కోటయ్య. రంగనాయకులు జేబులోంచి ఫోను తీశాడు. ఫొటో చూశాడు, మనుషుల్ని చూశాడు, మళ్ళీ ఫొటో చూశాడు.

"వీళ్ళెవరు?" అని హాలు దద్దరిల్లేలా అరిచాడు. "చిన్నబ్బాయిగారేరీ? ఈ మురిక్కాలవ మనిషిని తెచ్చి ఆయన చోట కూర్చోబెడతారా? బసవేశ్వరరావుగారూ, మీ తమ్ముళ్ళు దేవుళ్ళు, ఫొటోల్లో చూశాం. వీళ్ళు దొంగ తమ్ముళ్ళు! బంధువుల్ని అద్దెకి తెచ్చి నా కూతురి గొంతు కోద్దామనుకున్నారా?"

ముందుగా కోటయ్య లేచాడు. "మా అన్నయ్య అబద్ధమాడతాడంటావా?" అన్నాడు. అన్నయ్య అన్న మాట ఆ నోట వచ్చి ఏళ్ళయింది. "మా చిన్నోణ్ణి మురిక్కాలవంటావా?" అని పున్నారావు లేచాడు. "నా తమ్ముళ్ళు దొంగ తమ్ముళ్ళా? వీళ్ళని ఎత్తుకు పెంచానయ్యా నేను!" అని బసవేశ్వరరావు లేచాడు. ముగ్గురూ భుజం భుజం రాసుకుని నిలబడి, మూడు చూపుడు వేళ్ళు రంగనాయకులు మొహమ్మీద పెట్టి, ఒకరి మాట ఒకరు అందుకుంటూ తిట్టారు. సుమంత్‌కి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పెళ్ళి పోయిందన్న సంగతి కూడా మర్చిపోయి, అలవాటు కొద్దీ కెమెరా ఎత్తి నొక్కాడు.

తిట్లన్నీ అయ్యాక బసవేశ్వరరావు ఊపిరి తీసుకుని అడిగాడు. "ఇంతకీ మీ నలుగురు మేనమామలేరయ్యా?"

రంగనాయకులు గంధం గిన్నెలోకి చూశాడు. ఆయన భార్య పైట చెంగు నోట్లో కుక్కుకుంది. పీటల మీంచి స్నేహ లేచింది. "మావయ్యలు అమ్మతో మాట్లాడరండి. ఆ ఫొటోలు నేనే చేశాను. నాన్న చెయ్యమన్నారు." సుమంత్ వైపు తిరిగింది. "కోటయ్యగారు మీ బాబాయని పెళ్ళిచూపుల రోజే తెలుసు నాకు. గోడ మీంచి రోజూ చూసే ముక్కే కదా, అదే ముక్కు మీకూ, మీ నాన్నగారికీ. మీ ఫొటోల్లోనే ఎవరికీ ఆ ముక్కు లేదు."

"మరి చెప్పలేదేం?"

"మీరు మా మావయ్యల వేళ్ళు లెక్కపెట్టలేదు కదా, సరిపోయిందిలే అనుకున్నా."

అప్పుడు జ్ఞానానందం మాస్టారు మైకు అందుకున్నారు. "సభకు నమస్కారం. నేను లెక్కల మాస్టార్ని, తప్పు ఎక్కడ వచ్చిందో చూసి సరిచెయ్యడం నా విధి. ఈ సంబంధంలో తప్పు ఎక్కడొచ్చింది? మనుషుల దగ్గర. ఫొటోల దగ్గర ఏమన్నా గొడవుందా? లేదు. అటు ముగ్గురన్నదమ్ములు, ఇటు నలుగురు మేనమామలు, అందరూ చిరునవ్వుతో, సంస్కారంతో, ఒకే సైజులో ఉన్నారు. పరస్పరం నచ్చుకున్నది వాళ్ళు. కాబట్టి తాంబూలాలు వాళ్ళనే మార్చుకోనిద్దాం. మనం అనవసరంగా మధ్యలో దూరకుండా భోజనాలు చేద్దాం. అందరి జీవితాల్లోనూ సమైక్యత వర్ధిల్లాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను."

ఇంత చక్కటి పరిష్కారం ఎవరికీ తట్టనందుకు అందరూ చప్పట్లు కొట్టారు. సుమంతూ స్నేహా లాప్‌టాప్ ముందు కూర్చుని, మొదటిసారి భుజాలు తగులుతుండగా, రెండు కుటుంబాల్నీ ఒకే బొమ్మలో కలిపారు. ఎల్‌ఈడీ తెర మీద ఆకుపచ్చ చొక్కా పున్నారావు మేనమామలకి తాంబూలం అందించాడు. కింద కుర్చీల్లో అసలు పున్నారావు దాన్ని చూసి గర్వపడుతూ కిళ్ళీ నమిలాడు.

సుమంత్ ఆ సందడిలో తను తీసిన ఫొటో ముగ్గురికీ చూపించాడు. నోళ్ళు తెరిచి, నరాలు ఉబ్బి, భుజాలు కలిపి నిలబడ్డ ముగ్గురన్నదమ్ములు. "అదేంటి, నా పొట్ట అంతుందా?" అన్నాడు పున్నారావు. "పెద్ద మనిషిని, కుక్కలా అరుస్తున్నట్టు తీశావేంట్రా?" అన్నాడు బసవేశ్వరరావు. "నన్ను ఒక అడుగు వెనక నిలబెట్టారు, అందుకే మొహం చిన్నగా వచ్చింది. కావాలనే చేశారు," అన్నాడు కోటయ్య. భోజనాల దగ్గర ముగ్గురూ మూడు బల్లల మీద కూర్చున్నారు. ఆ ఫొటో తీసెయ్యమని ముగ్గురూ విడివిడిగా సుమంత్‌కి ఫోన్ చేశారు. పెద్దల మాట కాదనడం ఎందుకని అతను తీసేశాడు.

తెనాలిలో పెళ్ళి దివ్యంగా జరిగింది. కబురు అప్పటికే మూడు ఊళ్ళకీ పాకింది కాబట్టి, చుట్టాలు ఎండన పడి రావడం మానేసి తమ తమ మంచి ఫొటోలు పంపించారు. వంటవాళ్ళు నిద్రపోయారు. ఆల్బం మాత్రం కిటకిటలాడింది. స్నేహా సుమంతూ సుఖంగా ఉన్నారు, ఒకరి ఫొటోలొకరు సరిచెయ్యరు.

ఆల్బంలో మీరూ ఉన్నారు. పిలవలేదని నొచ్చుకోకండి. మీ పాత ఫొటో ఎవరో చుట్టాలు పంపించారు, మూడో వరసలో నిలబెట్టాం. మీ పక్కనే మీ తమ్ముడు, ఆయన చెయ్యి మీ భుజం మీద ఉంది. ఇద్దరూ ఎంత బాగా వచ్చారంటే చూసినవాళ్ళంతా ముచ్చటపడుతున్నారు. ఆయనకీ ఒక కాపీ పంపుదామంటే సుమంత్ దగ్గర నంబరు లేదు. మీ దగ్గర ఉందా?